మొగలో ఓడలు దిగబడిన రోజు

మాసేనని ఒక సరంగు ఉండేవాడంట. ఇప్పటి మాట కాదు, ఓడలన్నీ తెరసాపల మీదా తెడ్ల మీదా నడిసే రోజులు. మన ఏరు సంద్రంలో కలిసే సోటుంది సూడండి, మొగ, అక్కడ అప్పుడొక రేవుండేదంట. బయటినించొచ్చిన ఓడని ఇసక దిబ్బలకి తగలకుండా రేవులోకి తేవడం మాసేను పని. ఆడికొక తమ్ముడు, కారి. ఆడికీ మొగంతా తెలుసు, ఇద్దరికీ అయ్యే నేర్పాడు. అయితే అయ్య పోయాక పడవ నాదంటే నాదని మాటా మాటా అనుకుని, కారి ఏటికి అవతలొడ్డుకి ఎలిపోయాడు. పదకొండేళ్లు మాటల్లేవు. ఎదురుపడితే ఇద్దరూ సంద్రం కేసి సూసేవోరంట.

అలాగుండగా ఏటైందంటే, దక్షిణాదినించి ఇంకో రాజు ఓడలొచ్చి ఒక పొద్దున మొగ బయట నిలబడ్డాయి. ముప్పై అనుకో. మన రాజువి ఏడు. ఆ ముప్పై లోపలికొస్తే రేవూ లేదు, ఊరూ లేదు. ఆడోళ్లు పిల్లల్నెత్తుకుని తోటల్లోకి పోతన్నారు. మన రాజు సేనాపతి ఒడ్డున నిలబడ్డాడు, పక్కన మాసేను. మద్దినేళ దాకా ఆ ఓడలు కదల్లేదు, అప్పుడు కదిలాయి. సూస్తే ముందు ఓడ మొన కాడ కారి నిలబడున్నాడు. సేపల వేటకెళ్లినోణ్ణి పట్టుకుని, దారి సూపిస్తావా సస్తావా అన్నారంట. సేనాపతి అది సూసి, నీ తమ్ముడు అమ్ముడుపోయాడు, ముందు ఆణ్ణే కొట్టండని విలుకాళ్లకి సెప్పాడు. మాసేను, ఆగండి బాబూ అన్నాడు. ఎందుకాగాలని సేనాపతి అడిగితే, నీళ్లు ఎనక్కి తీస్తన్నాయి బాబూ, ఓడ నీళ్లెక్కే పోటు మీద రావాల, ఆడు పాటు మీద తెస్తన్నాడు. దారి ఉత్తరపొడ్డు కాడుంటే, దక్షిణం కేసి, ఇసక దిబ్బల మీదకి సెయ్యి సూపిస్తన్నాడు. ఆడు అబద్దమాడతన్నాడు, మనతో కాదు, ఆళ్లతో. పదకొండేళ్లు మాటల్లేవు గదా, ఆడి మనసు నీకెలా తెలుసన్నాడు సేనాపతి. మనసు తెలీదు బాబూ, సెయ్యి తెలుసు. మా ఇద్దరికీ నేర్పింది ఒక్కడే. తప్పైతే నా తల తీయించండి అన్నాడంట.

సేనాపతి ఆగాడు. ముందు ఓడ ఇసకలో దిగబడిపోయింది. ఎనకోడికి తెలిసేసరికి గాలి తోసేస్తంది, అదీ దిగబడింది, దానెనకాలది దాన్ని గుద్దింది. అలా పదో పన్నెండో. అప్పుడు మన ఏడు ఓడలూ ఉత్తరపొడ్డెంటే ఎల్లి బాణాలేసాయి. మిగతావి సూసి బయటికే తిరిగిపోయాయి. మరి కారి సంగతేటంటే, ముందు ఓడోళ్లకి మోసం తెలిసి కత్తెత్తారు, భుజం మీద పడింది, ఆడు నీళ్లలోకి దూకేసాడు. మాసేను ఎవర్నీ అడగలేదు, ఆ బాణాల కిందే పడవేసుకెల్లాడు. తమ్ముడు ఇరిగిన తెడ్డు పట్టుకుని తేలతన్నాడు. ఎక్కరా అన్నాడు. పదకొండేళ్ల తరవాత అదే మొదటి మాట. సెయ్యి లేవట్లేదన్నా అన్నాడు ఆడు. మాసేను లాగి పడవలో ఎక్కించి, తలగుడ్డ ఇప్పి కట్టు కట్టాడు. కట్టు కడతంటే ఏడుపొచ్చింది, తలొంచుకున్నాడు. అప్పుడు కారి, అన్నా, తెడ్లేసేవోళ్లు నీళ్లలో ఉన్నారు, మనలాటోళ్లే అన్నాడంట. సరేనని ఆళ్లనీ ఎక్కించుకున్నారు, పట్టినంతమందిని.

ఒడ్డుకొచ్చాక సేనాపతికి కోపమొచ్చింది. శత్రువుల్ని మోసుకొస్తావా అన్నాడు. మాసేను, యుద్దం మీది బాబూ, అయిపోయింది. మునిగిపోతన్నోడు నాకు మునిగిపోతన్నోడే అన్నాడు. సేనాపతి కారి భుజం కేసి సూసాడు, ఆ నెత్తురు కేసి సూసాడు, సరే ఉండనియ్యండన్నాడు. ఆ తెడ్డోళ్లు కొందరు ఎల్లిపోయారు, కొందరు ఇక్కడే పెళ్లిళ్లు సేసుకుని ఉండిపోయారు.

గెలిసినందుకు రాజు రాయి మీద రాయించాడంట, తన పేరూ సేనాపతి పేరూ. అన్నదమ్ముల పేర్లు లేవు. ఆ రాయెక్కడుందో నాకు తెలీదు, మీకూ తెలీదు. మా ఇళ్లలో మాత్రం తరానికొకడికి మాసేనని పెడతాం. ఇప్పుడున్న మాసేనుకి ఈత రాదు, అది ఏరే సంగతి.