వైట్‌నర్ పూసిన ఆరో లైను

అమలాపురం బస్టాండు దగ్గర కంప్యూటర్ కోచింగ్ సెంటర్. నెట్‌వర్క్ కోర్సు నేర్చుకుంటున్న ఆవిడ కుర్చీ వెనక్కి తోసి మాస్టార్ని పిలిచింది.

“నాలుగోసారండీ మాస్టారూ! వర్చువల్ మెషిన్‌లో ఫైర్‌వాల్ ఇన్‌స్టాల్ అయిపోయిందంటుంది. రీస్టార్ట్ చెయ్యగానే మళ్ళీ మొదట్నుంచీ ఇన్‌స్టాల్ చెయ్యమంటుంది. రోత పుడుతోందండి.”

“మళ్ళీ చెయ్యండమ్మా. ఒక్కోసారి అంతే.”

“అంతే కాదండి. కంపెనీ వాళ్ళ పేజీ తీసి చదివేను. రీస్టార్ట్‌కి ముందు సీడీ తీసెయ్యాలంట. మీ జిరాక్సు నోట్సులో ఐదో లైను తర్వాత ఏడోదుంది. ఆరోదేదండి?”

“ఆయ్, దాని మీద నేనే వైట్‌నర్ పూసేనండి. మన కంప్యూటర్లకి సీడీ పెట్టే చోటే లేదు కదా, చదివినవాళ్ళు కంగారుపడతారని.”

“ఆ సీడీ నిజం సీడీ కాదండీ, వర్చువల్ మెషిన్ లోపలుండే ఫైలు! ఇదిగో, తీసేసేను. చూడండి, ఫైర్‌వాల్ వచ్చేసింది. ఛీ! ఎన్నాళ్ళయింది పూసి?”

“మూడేళ్ళు... అవుతుందండి.”

“ఒక్కసారైనా మీరు చేసి చూసేరా?”

మాస్టారు జిరాక్సు నోట్సు తిరగేసి బల్ల మీద పెట్టారు.

“మా ఆయన మీ దగ్గర ఈ నోట్సే చదివి నేర్చుకున్నారండి. దోహాలో మొదట ఇదే పనిచ్చేరంట. రెండ్రోజులు ఇన్‌స్టాల్ చేసిందే చేస్తూ కూచున్నారు. పనికిరావని పంపేసేరు.”

“అయ్యో! ఇప్పుడేం చేస్తున్నారండి?”

“రొయ్యల చెరువులో మేత జల్లుతున్నారు. నేర్పింది నేర్పినట్టు చెయ్యడం కూడా చేతకాలేదా అని, ఏడాదిగా అన్నం వడ్డించినప్పుడల్లా దెప్పుతున్నానండి నేను.”