ప్రొపేన్ మబ్బుని తరిమిన వెల్కో

"ముందు ఆ లైటరు బల్ల మీంచి తియ్యండి ఇంజినీరు గారూ! పెద్దవాణ్ణి, చెప్తున్నానని ఏమీ అనుకోకండి. ప్రొపేన్ డిపోకి అధికారిగా వచ్చిన మనిషి కాఫీ కప్పు పక్కన లైటరు పెట్టుకుని కూర్చుంటారా? అదిగో, ఇక్కణ్ణించి డిపో గేటు కనిపిస్తోంది. మీకే సిగ్గనిపించడం లేదూ?"

"ఇది లైటరు కాదు వెల్కో గారూ. మా ఇంటి తాళం."

"తాళమైనా సరే, ఇనుమే కదా! ఇనుము ఇనుముకి తగిలితే నిప్పురవ్వ. గ్యాసు దగ్గర బతికేవాడికి ఆ భయం నిద్రలో కూడా ఉండాలి. నాకుంది. మా ఆవిడ నెవేనాని అడగండి, వంటింట్లో చెంచా కింద పడితే చాలు, నేను మంచం దిగి కిటికీలన్నీ తెరిచేస్తాను. మంచు కురుస్తున్నా సరే. అదీ క్రమశిక్షణంటే. దఫీనా, ఇంకో కాఫీ ఇవ్వమ్మా, కామెన్ గారికి కూడా. కొత్త అధికారి, మన కొట్టుకి మొదటిసారి వచ్చారు.

"ట్యాంకర్ల నుంచి గ్యాసు దించే చోట నిలబడడానికి నమ్మకమైన మనిషి కావాలని వెతుకుతున్నారటగా? నన్ను తీసుకోమని నేను అడగను బాబూ. చెయ్యి చాచే అలవాటు మా వంశంలోనే లేదు. ఒకప్పుడు అక్కడ జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను. విన్నాక మీ ఇష్టం."

పక్క బల్ల దగ్గర పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్న ప్రోడాన్ నిట్టూర్చాడు. "ఇంజినీరు గారూ, ఆ కాఫీ గుక్క గుక్కగా తాగండి. చాలా దూరం వెళ్లాలి."

"నువ్వు గింజలు కొరుక్కోరా ప్రోడాన్. నోరు ఖాళీగా ఉంటేనే నీతో తంటా.

"వినండి. మూడేళ్ల కిందట, సెప్టెంబరు నెల. సెప్టెంబరంటే తెలుసుగా, ఏ పెరట్లో చూసినా పొయ్యి, పొయ్యి మీద లావు ఎర్ర మిరపకాయలు. చలికాలం పచ్చడి సీసాల్లోకి ఎక్కకపోతే ఆడవాళ్లకి నిద్ర పట్టదు. ఊరు ఊరంతా కాలిన మిరప వాసన. ఆ వాసనతో వచ్చిన చిక్కేమిటో తెలుసా? గ్యాసు వాసన పైకి తేలదు! ప్రొపేనుకి సొంత వాసన లేదు, కారితే తెలియాలని దాంట్లో కుళ్లు కంపు కలుపుతారు. అధికారి గారికి నేను చెప్పాలా! కానీ ఆ నెల్లో మా ఊరి ముక్కులన్నీ మిరపకాయల సేవలో ఉంటాయి. ఒక్క నా ముక్కు తప్ప.

"ముందే చెప్తున్నా, నేను చేసింది పెద్దదేమీ కాదు. ఒక వాల్వు కట్టేశాను, అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు."

"నిజమే పాపం," అన్నాడు ప్రోడాన్. "పుట్టు మూగ."

"మా ఇల్లు డిపో కంచెకి ఆనుకుని పల్లంలో ఉంది. పెరట్లో కూర్చుని మిరపకాయలు తిరగేస్తున్నాను. ఉన్నట్టుండి ముక్కు కుడి పుటం అదిరింది. ఎడమ పుటం అదిరితే చుట్టాలొస్తారు, కుడి పుటం అదిరితే గ్యాసు. తలెత్తి చూద్దును కదా, కంచె కింద నుంచి తెల్లగా, నేలకి అంటుకుని, కాలవలో పాలు పారినట్టు మబ్బు వచ్చేస్తోంది! ప్రొపేను గాలికన్నా బరువు. పైకి పోదు, పల్లం వెతుక్కుంటుంది. పల్లంలో ఏముంది? మా వీధి. వీధిలో ఏముంది? ఇంటికో పొయ్యి, పొయ్యికో మంట, మంట చుట్టూ పిల్లలు. ఆ మబ్బు అంచు ఒక్క మంటకి తగిలిందా, మా వీధీ, డిపో, చర్చీ అన్నీ కలిసి ఆకాశంలోనే!"

కామెన్ కప్పు కింద పెట్టాడు. "అప్పుడేం చేశారు?"

"ముందు మా పొయ్యి ఆర్పాను. మనిషి బుద్ధి ఇక్కడే తెలుస్తుందండీ. తెలివి తక్కువవాడు ఏమిటా అని మబ్బు వైపు పరిగెడతాడు. అంతకన్నా తెలివి తక్కువవాడు పారిపోదామని కారు స్టార్టు చేస్తాడు. నేను గాలికి అడ్డంగా తిరిగి మిట్ట వైపు నడిచాను. నడిచాను అనడం మర్యాద కోసం. ఎంత వేగంగా వెళ్లానంటే, నా చెప్పులు నాకన్నా రెండిళ్లు వెనక వచ్చాయి."

"చెప్పులు వాటంతటవే నడిచొచ్చాయా బాబాయ్?" కొత్త కప్పులు దించుతూ అడిగింది దఫీనా.

"నా చెప్పులమ్మా! వాటికీ శిక్షణ ఉంది. ఇంటింటి ముందూ ఆగి 'మంట ఆర్పండహో!' అని అరిచాను. ఎలా అరిచాను! ఆ అరుపుకి గాలి లేచి పొయ్యిలన్నీ వాటంతటవే ఆరిపోయాయి. స్టేషన్లో బయలుదేరబోతున్న రైలు నన్నే అంటున్నారేమో అని ఆగిపోయింది. ఊళ్లో మగాళ్ల నోళ్లలో సిగరెట్లు ఆరిపోయాయి. చర్చిలో కొవ్వొత్తులు ఆరిపోయాయి."

"ఆ రోజు చర్చికి తాళం వేసుంది కదరా," అన్నాడు ప్రోడాన్.

"నేను చెప్తున్నదీ అదే! తాళం వేసిన చర్చిలో కూడా ఆరిపోయాయి!

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? డిపో గేటు మూసుంది. ఒక్క దూకు దూకాను. లోపల ట్యాంకరు నిలబడుంది, గొట్టం బిగించుంది, గొట్టం మూతి దగ్గర రబ్బరు చిరిగి గ్యాసు పాములా బుసకొడుతోంది. మరి స్ప్రింగు పిడి ఉండగా గ్యాసు ఇంకా ఎలా వస్తోంది? ఆ పిడిని మనిషి చేత్తో పట్టుకుని నిలబడ్డంతసేపే గ్యాసు దిగుతుంది. చెయ్యి తీశాడా, టక్కున మూసుకుంటుంది. కారినా, కాలినా, మనిషి కళ్లు తిరిగి పడిపోయినా దానంతటదే ఆగిపోవాలని పెట్టిన పిడి అది. వెళ్లి చూశాను. పిడికి తీగ! ఎవడో దౌర్భాగ్యుడు పిడిని ఇనప తీగతో కట్టేసి తన దారిన తను పోయాడు!

"చెప్పండి ఇంజినీరు గారూ, వాణ్ణి ఏమనాలి? నిలబడమన్న చోట నిలబడలేక తన బదులు తీగని నిలబెట్టినవాడు మనిషేనా? వాడి జీతంతో వాడింట్లో పిల్లలు తిండి తింటున్నారు, వీధిలో పిల్లల ప్రాణం వాడికి పట్టదు. అలాంటివాణ్ణి నడివీధిలో నిలబెట్టి కడిగెయ్యాలి! నేనైతే జాలి చూపించను."

ప్రోడాన్ దవడ ఆగిపోయింది. అతను దఫీనా వైపు చూశాడు. దఫీనా గుడ్డతో బల్ల తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.

"కడిగెయ్యాల్సిందే బాబాయ్," అంది.

"చూశారా, ఆడపిల్లకి ఉన్న జ్ఞానం! సరే, తీగ విప్పుదామంటే మంచు గడ్డ కట్టేసింది. గ్యాసు బయటికొచ్చే చోట ఎంత చలో మీకు తెలుసు, వేలు పెడితే తోలు అంటుకుపోతుంది. నేనేం చేశాను? జేబులో పొయ్యి మీంచి తీసిన మిరపకాయ ఉంది, పొగలు కక్కుతోంది."

"కాలుతున్న మిరపకాయ జేబులో ఎందుకు?" అని అడిగాడు కామెన్.

"మధ్యాహ్నం భోజనం చేశానా? చెయ్యలేదు! ఆ కాయ తీసి చిరుగులో దూర్చాను. చలికి టక్కున బిగుసుకుని ఉక్కు బిరడా అయిపోయింది. బుస ఆగింది. ఇంకొకడైతే అక్కడితో చేతులు దులుపుకునేవాడు. కానీ అప్పటికే బయటికొచ్చేసిన మబ్బు మాటేమిటి? నీళ్లు జల్లి దాన్ని పలచన చెయ్యాలి. డిపో పంపు చూస్తే ముసలమ్మ దగ్గినట్టు దగ్గుతోంది. లాభం లేదని పొడుగు గొట్టం భుజాన వేసుకుని డాన్యూబు నది ఒడ్డుకి పోయాను. ఒక చివర నదిలో వేశాను. రెండో చివర నోట్లో పెట్టుకుని పీల్చాను. ఒకే ఒక్క పీల్పు!"

"నదినా?"

"నదినే! నీళ్లు అడుగంటిపోయాయి. పడవలు బురదలో కూర్చుండిపోయాయి. అవతల ఒడ్డున రొమేనియావాళ్లు బుట్టలు పట్టుకుని నది నడిమికి నడిచొచ్చి చేపలు ఏరుకున్నారు. ఒక ముసలాయన బూట్లు తడవకుండా ఇటు దాటొచ్చి, సంగతేమిటని కనుక్కుని, ఈ కొట్లోనే కాఫీ తాగి వెళ్లాడు. అవునా కాదా దఫీనా?"

"కాఫీ తాగినవాళ్లందరి మొహాలూ గుర్తుండవు బాబాయ్."

"కాదనలేదు, రాసుకోండి! ఆ నీళ్లన్నీ మబ్బు మీద తెర కట్టినట్టు వదిలాను. సగం మబ్బు చెదిరిపోయింది. మిగతా సగం మొండికేసింది. అప్పుడు దానికి ఎదురుగా వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. 'నీకు ట్యాంకు కట్టించాం, తెల్ల రంగు వేయించాం, ఎండ తగిలితే పైన నీళ్లు చల్లుతున్నాం. ఇంత గౌరవంగా ఉంచితే వీధులు పట్టుకు తిరుగుతావా? మర్యాదస్తుల డిపోలో గ్యాసువేనా నువ్వు?' అని అడిగాను. ఏమైందో తెలుసా? సిగ్గుపడింది! తల దించుకుంది. వచ్చిన కాలవలోంచే, వచ్చిన కంచె కింద నుంచే, బడిపిల్లల్లా వరస కట్టి వెళ్లి ట్యాంకులోకి ఎక్కింది. నేను మూత బిగించాను. మర్నాడు కొలిచి చూస్తే ట్యాంకులో ముందుకన్నా ఎక్కువ గ్యాసుంది! చుట్టుపక్కల ఊళ్లలో కారిన గ్యాసు కూడా నా మాట విని వచ్చేసింది!"

కొట్టంతా గొల్లున నవ్వింది. ప్రోడాన్ నోట్లో గింజలు బల్ల నిండా చిందాయి. కామెన్ కళ్లు తుడుచుకున్నాడు. వెల్కో లేచి నిలబడి, కోటు గుండీలు పెట్టుకుని, పతకం అందుకోబోయేవాడిలా ఛాతీ విరుచుకున్నాడు.

"ఇప్పుడు మీరే చెప్పండి. ఆ పిడి దగ్గర నిలబడడానికి ఈ ఊళ్లో నాకన్నా అర్హుడున్నాడా?"

"బాబాయ్," అంది దఫీనా, గుడ్డ బల్ల మీద పడేసి. "ఆ రోజు ఆ పిడి పట్టుకోవాల్సిన వంతు ఎవరిది?"

వెల్కో గొంతు సవరించుకున్నాడు. "వంతంటే... వంతులు మారుతూ ఉంటాయి కదమ్మా..."

"నీదే. డిపోలో ఉండాల్సినవాడివి పెరట్లో మిరపకాయలు తిరగేస్తున్నానని నీ నోటితో నువ్వే చెప్పావు. నెవేనా పిన్ని కాయలు మాడిపోతున్నాయని కేకేసింది. నువ్వు పిడికి తీగ చుట్టి కంచె దూకావు. కాదను చూద్దాం!"

వెల్కో కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకుని మళ్లీ కూర్చున్నాడు.

దఫీనా కామెన్ వైపు తిరిగింది. "మబ్బు ముందు చూసింది ట్యాంకరు డ్రైవరు ఇల్కో. బండి మీదున్న ప్రమాదపు మీట లాగేసి, బండిని అక్కడే వదిలి, అరుచుకుంటూ మిట్టకెక్కాడు. ఆ అరుపు విని వీధిలో ఆడవాళ్లం ఒకరికొకరం కేకలేసుకున్నాం. చేతికందిన కుండా, బిందే, ఉప్పునీళ్ల జాడీ, ఏది దొరికితే అది పొయ్యిల మీద గుమ్మరించాం. ఏడాదికి సరిపడా మిరపకాయలు బూడిదలో కలిశాయి. పిల్లల్ని చంకనేసుకుని గాలికి అడ్డంగా నడిచాం. ఫైరువాళ్లు వచ్చి నీళ్లు కొట్టేదాకా వీధిలో ఒక్క రవ్వ లేవలేదు ఇంజినీరు గారూ. ఒక్క ప్రాణం పోలేదు." ఆమె గొంతులో గర్వం దాగలేదు. "మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆవిడా పరిగెత్తింది."

"మరి వెల్కో గారు?"

"డాన్యూబులో!" అన్నాడు ప్రోడాన్. "మెడ దాకా నీళ్లలో. బయటికి లాగింది నేనే. నది తాగాడన్నది మాత్రం పూర్తి అబద్ధం కాదు. నాలుగు గుక్కలు తాగాడు."

"నీళ్లలో ఉంటే మంట అంటదని..." అని గొణిగాడు వెల్కో.

"ప్రొపేను పల్లానికే వస్తుంది వెల్కో గారూ," అన్నాడు కామెన్ మెల్లగా. "మీ వీధికన్నా నది ఇంకా పల్లం."

ఈసారి నవ్వు వీధి చివరి దాకా వినిపించింది. నవ్వు తగ్గాక కామెన్ లేచి, కాఫీకి దఫీనాకి కృతజ్ఞత చెప్పి, వెల్కో ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అతని మొహంలో నవ్వు లేదు.

"నేను చేరిన మొదటి రోజే మీ పేరు విన్నాను. మీ నోట నిజం వస్తుందేమోనని ఇంతసేపూ కూర్చున్నాను. ఆ పిడి దగ్గర మిమ్మల్ని నిలబెట్టలేను."

వెల్కో టోపీ తీసుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచాడు.

అతను కట్టిన తీగని డిపోవాళ్లు పారెయ్యలేదు. గ్యాసు దించే చోట గోడకి మేకు కొట్టి తగిలించారు. పనిలో చేరినవాళ్లెవరైనా సరే, పిడి ముట్టుకునే ముందు ఆ తీగ ముందు నిలబడాలి. దాని పేరు వెల్కో తీగ. ఎందుకు ఆ పేరొచ్చిందో మొత్తం వినాలి. గ్యాసు కారిన ఆ సెప్టెంబరులోనే అతని ఉద్యోగం పోయింది. ఆ చలికాలం వీధిలో ఎవరింట్లోనూ పచ్చడి లేదు, నెవేనా గడప ఎవరూ తొక్కలేదు. డిపో లోపల అతని పేరు ఇప్పటికీ పలుకుతూనే ఉంటారు. గేటు దాటి అతన్ని మాత్రం మళ్లీ అడుగు పెట్టనివ్వలేదు.