గాలిమొక్కకి కట్టిన తీగ

ముప్పై ఎనిమిది రోజులు ఈశ్వరీ! ముప్పై ఎనిమిది రోజులు ఒక్క ఫోనెత్తలేదు. ఇప్పుడొచ్చి గుమ్మంలో నిలబడి, మొగుడి మొహం సూడకుండా గోడకేసి సూస్తన్నావు. అక్కడేటుంది? మొక్కే. నీ మొక్కే. ఎక్కడికీ పోదులే. ముందు లోపలికి రా. ఆ సంచీ ఇలగియ్యి.

ఇయ్యవా? సరే, పట్టుకునే ఉండు.

ఆఁ ఆఁ, దగ్గరికెళ్లకు! ముట్టుకోకు. ఎండలో పార్వతీపురం నుంచి బస్సులో పడి వచ్చావు, మంచినీళ్లు తాగు ముందు. ఇదిగో గ్లాసు. తాగవా? కిటికీలో పెట్టీసాను. దాహమైనప్పుడే తాగు. ఫ్యానెయ్యనా? ఏసీసాను. కూకో మరి!

మీ అమ్మకి ఎన్నిసార్లు ఫోన్ సేసానో తెలుసా? "ధర్మేంద్రా, అది మాటాడదట బాబూ" అంటాది. పక్కన నువ్వు పోపేస్తన్న సప్పుడు నాకు ఇనబడతానే ఉంటాది. వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి. సదువుతావు. బదులియ్యవు. మనిషన్నవోడు పిచ్చెక్కి పోడేటి?

నాను తప్పు సెయ్యలేదనట్లేదే. పనస దుంగ తెచ్చిన రోజు "ఈ వీణ నీదే" అన్నది నానే. నెల్లాళ్లు ఉప్పుకాగితం పెట్టి రుద్దింది నువ్వు. నీ సేతి ఏళ్ల సివర్లు అరిగిపోయాయి. తీగలు బిగించిన మర్నాడు విశాపట్నం నుంచి ఆ పెద్దమనిషొచ్చి, నాలుగు సార్లు మీటి, "ఇదే కావాలి" అంటే ఇచ్చీసిందీ నానే. "నీకు ఇంకోటి సేస్తాలే" అనీసాను. ఇరవై ఒక్క ఏళ్ల కిందటా అదే మాటన్నాను గదా, పెళ్లయిన కొత్తలో నీకని సేసిన మొదటి వీణ అమ్మీసినప్పుడు!

నువ్వు దెబ్బలాడలేదు. ఏడవనూ లేదు. సంచీ సద్ది, గేటు కాడ నిలబడి ఒక్క మాటన్నావు. "ఆ మొక్కనైనా సరిగా సూసుకో" అని.

అదేటి మాటే? ఉలి పట్టుకున్నా అదే ఇనబడతాది, అన్నం ముందు కూకున్నా అదే ఇనబడతాది.

సూసుకున్నాను. ఒట్టు! మట్టి లేదు, కుండీ లేదు, ఉల్లిపాయంత దుబ్బు, గాలిమొక్కట. గాలి మేసి బతికేది పామొక్కటే అని మా అయ్య సెప్పీవోడు. గుమ్మానికి కట్టిన కలబంద మట్టి లేకుండా బతకట్లేదా, దానికెవడు తానాలు సేయిస్తన్నాడు అనుకున్నాను. మన గుంట రాగసుధ హాస్టల్ నుంచి ఫోన్‌లో గయ్‌మంది. "నాన్నా, దానికీ దీనికీ పోలికేటి? ఆదివారం ఆదివారం అరగంట నీళ్లలో ముంచు. తీసి దులుపు. తలకిందులుగా ఆరబెట్టు. మధ్యలో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాది" అని.

మొదటి ఆదివారం ముంచి, గడియారం ముందు కూకున్నాను. కుళాయి నీళ్లు బ్లీచింగు కంపు కొడతన్నాయని బకెట్టు పెట్టి వాన నీళ్లు పట్టాను. ఫ్యాను కింద తువ్వాలేసి బోర్లించాను. జొరమొచ్చి పడున్నప్పుడు నీకు కూడా ఇంత సేవ సెయ్యలేదు. నువ్వనక ముందే నానంటన్నాను. కొట్లోంచి పనస పొట్టు లేచి పడతాదని మధ్య తలుపు మూసే ఉంచాను. ఉక్కతో సచ్చాను గాని తియ్యలేదు. ఆకుల మీద తెల్లగా బూజు పట్టిందని గుడ్డతో తుడవబోతే మళ్లీ గుంట కేకేసింది, "అది బూజు కాదు నాన్నా, దాంతోనే అది నీళ్లు తాగుతాది" అని. నాకేటి తెలుసు? దేన్ని సూసినా మెరుగు పెట్టడమే గదా నా బతుకు.

రెండో ఆదివారానికి దాని నడుమ ఎర్రబడింది! కుంకం అద్దినట్టు ఎర్రబడిందే! పూసే ముందు అలగే అవుతాదట. మూడేళ్లు దాని మొహమే సూసుకుంటా కూకున్నావు గదా, "ఇది జన్మకి ఒక్కసారే పూస్తాది" అని. ఓలమ్మో, నాను ఎగిరి గంతేసాను. ఫొటో తీసి నీకు పెట్టాను. అప్పుడు గదా నువ్వు రాసావు! "పూస్తే సెప్పు" అని. రెండంటే రెండు మాటలు. టీ కొట్టు గంగులుకి కూడా సూపించాను, సిగ్గు లేకుండా.

ఇంక నా సేతులు ఊరుకుంటాయా? పువ్వు పూసే మొక్క సాసర్లో ఉండడమేటి అనుకున్నాను. అమ్మీసిన ఆ వీణ దుంగలోదే ఓ ముక్క మిగిలింది. దాని మీద యాళి సెక్కాను, వీణ సివర ఉంటాది సూడు, ఆ మొహమే, సిన్నది. సెవులు సూడు, కోరలు సూడు. అక్కడి నుంచే సూడే! నాలుగు రోజులు పట్టింది. మొక్కని దాని నోటి కాడ కట్టాలి. సన్నటి జరీ దారం ఉంటాదేమోనని నీ గాజుల పెట్టె తీసాను.

అడుగున పసుపు గుడ్డ. గుడ్డలో తీగ.

సూడగానే తెలిసిపోయింది. నాను బిగించిన తీగ నాకు తెలీదేటి? మొదటి వీణ మంద్రం తీగ, రాగి సుట్టినది. కొన్నోళ్లు కొత్త తీగలెయ్యమంటే పాతవి ఇప్పి పడీసాను. నువ్వు ఏరి దాసుకున్నావు. ఇరవై ఒక్క ఏళ్లు! ఒక్కనాడైనా సెప్పావేటి?

ఈశ్వరికి ఏటి సేసీసానురా బాబూ అనిపించింది. ఏడ్చాను కూడాను. నమ్మితే నమ్ము, లేకపోతే మానీ.

అప్పుడు, నా బుద్ధి సూడు, ఆ తీగతోనే కట్టాలనిపించింది. నువ్వొస్తావు, పువ్వు సూస్తావు, తీగ సూస్తావు, ఈడికి ఇన్నాళ్లకి అర్థమైంది అనుకుంటావు. అందుకని బాగా బిగించి కట్టాను. ఆదివారం కర్రతో, తీగతో సహా నీళ్లలో ముంచాను. అరగంటా.

ఏటలా సూస్తావు? నీకు తెలుసేటి? తెలుసన్నమాట. నాకు తెలీదే! రాగి సెంబులో నీళ్లు మనిషికి మంచివంటారు. దేవుడికీ రాగి సెంబే. మొక్కకి విషమని ఎవడనుకుంటాడు? అడుగున గోధుమరంగు తిరుగుతన్నాదేటని గుంటకి ఫోన్ సేసాను. "దేంతో కట్టావు నాన్నా? రాగా? బేగి ఇప్పు, ఈ జాతి మొక్కకి రాగి పడదు!" అంది. ఇప్పుతుంటేనే మొవ్వంతా ఊడి నా సేతిలోకి వచ్చీసింది.

అదే. సచ్చిపోయింది. పన్నెండు రోజులైంది. గోడ మీద ఉన్నది ఉత్త ఆకులు, దారంతో నిలబెట్టాను. ముట్టుకుంటే రాలిపోతాయి, అందుకే వద్దన్నాను. సచ్చినదాన్ని కూడా పోయిన ఆదివారం అరగంట ముంచాను. ఏమో, లేస్తాదేమోనని.

ఆగు, ఆగు. ఇంకోటున్నాది. అదీ సెప్పీస్తాను.

నిన్న నీకు పువ్వు ఫొటో పెట్టాను గదా, ఊదారంగుది? అది మనది కాదే. నెట్‌లో ఎతికి పెట్టాను. "పూసింది, రా" అని రాసాను. ఇన్నాళ్లు నా కోసం రానిదానివి, పువ్వంటే పొద్దున్నే బస్సెక్కీసావు. ఎక్కుతావని తెలిసే పెట్టాను. ఎలగోలాగ ఈ గుమ్మం ఎక్కితే సాలు, తరవాత ఏటైతే అదవుతాది అనుకున్నాను.

తిట్టవే! ఆ గ్లాసు తీసి యిసురు!

ఇంకో వీణ సేస్తానని మాత్రం అనను. ఆ మాట నీ ఏళ్ల సివర్లకన్నా ఎక్కువ అరిగిపోయింది.

ఐదున్నరకి బస్సున్నాది. ఎల్తానంటే బొబ్బిలి స్టాండు దాకా బండి మీద నానే దింపుతాను. ఈ తీగ పట్టుకెళ్లు. సింతపండేసి తోమాను, మరకల్లేవు. పట్టుకో. నీది అని నాను అమ్మకుండా మిగిల్చింది ఇదొక్కటే ఈశ్వరీ. అదీ, ఇంట్లో ఉందని నాకు తెలీక.