గుమ్మంలో ఆగిన అడుగు

బెంగళూరు పక్క హెబ్బగోడిలో మా పక్క గదాయన పార్కిన్సన్స్ మాత్రలు మానేసి, ఈ పొద్దున గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక భార్య. ఈ అద్దె గదుల్లో వినకుండా ఉండటం ఎవరి తరం?

"ఏమయ్యా, కదులు! డ్యూటీ బస్సు పోతాండాది. ఈ పొద్దూ పోకుంటే పనిలోనుంచి తీసేస్తారు."

"కాలు రాలేదే. నేలకు అతుక్కుండాది."

"మాత్ర మానెయ్యమని ఎవరు చెప్పినారు?"

"ఫోన్లో చూడలేదా? ఆ మాత్రే నరాలను చంపుతుందంట."

"డాక్టరమ్మను అడిగినా. గాజు గిన్నెలో పెంచిన కణాలు చచ్చినాయంట. మనుషుల్లో అట్లా రుజువు కాలేదంట. నువ్వేమన్నా గిన్నెలో ఉండావా?"

"రేపు రుజువైతే?"

"రేపటికి ముందు ఈ గుమ్మం దాటప్పా! ఇదో, నా కాలు అడ్డం పెడతాండా. ఏదన్నా అడ్డముంటే అడుగు లేస్తుందని ఆమే చెప్పింది. దాటు."

"మనిషి కాలు దాటేదా? నీకు కీడే!"

"వస్తే రానీ. దాటు!"

చెప్పు నేలను రాసుకున్న చప్పుడు.

"దాటితివి కదా. ఇంక పద, బస్సు పోతుంది."

"ఉండు. ఆ మాత్ర, నీళ్లు తీసుకురా."

"ఇప్పుడు నరాలు చావవా?"

"చస్తే చావనీ. నిన్ను దినామూ దాటలేను."