ఆకాశానికెక్కిన సీబ్రెన్

"ఇదీ ఒక పేపరేనా!" అంటూ సీబ్రెన్ చేతిలో పేపరు టేబుల్ మీద కొట్టాడు. రేవు పక్కన బౌకే చేపల కొట్టు అది. బయట జోరువాన, లోపల వేయించిన చేపముక్కల పళ్లాలతో నలుగురు. పారిపోదామన్నా దారి లేదు.

"గాలిపటాలతో కరెంటు తీసే విద్యలో ఆరుగురు కుర్ర పరిశోధకులకి శిక్షణ పూర్తయిందట. ప్రొఫెసర్ల పేర్లన్నీ వరసగా వేశారు. నా పేరేదీ? గాలిపటం తాడుని లాగుతుంది, తాడు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం కరెంటు తీస్తుంది. ఆ చక్రం దగ్గర నాలుగేళ్లుగా కూచున్నదెవరు? బుగ్గకి తగిలే చలిని బట్టి గాలి ఎటు తిరగబోతోందో ఆ పిల్లలకి నేర్పిందెవరు?"

"నువ్వేలేవయ్యా," అన్నాడు పడవల వోప్కె, చేపముక్క నములుతూ.

"మార్చిలో ఆఖరి పరీక్ష. గాలిపటం అంటే ఇల్లంత ఉంటుంది! గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది, బ్రేకు పట్టలేదు, ఆరుగురూ కంప్యూటర్ల ముందు గుడ్లప్పగించి చూస్తున్నారు. తాడు పట్టుకున్నాను, ఒట్టి చేత్తో! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెయ్యి కాలింది," అన్నాడు వోప్కె.

"కాలితే నేను సీబ్రెన్నెందుకవుతాను? పైకి లేచాను! సముద్రం కట్ట దాటాను, చర్చి గోపురం దాటాను, నాలుగొందల మీటర్లు! కింద ఆ ఆరుగురిలో ఒకతి, పోర్చుగల్ పిల్ల బెనెదీత, ఒకటే ఏడుపు. పైనుంచే పాఠం చెప్పా, గాలిపటాన్ని ఎనిమిది అంకెలా తిప్పవే అని. నా బరువుకి తాడు ఇంకా బిగిసింది, కరెంటు పొంగింది, ఊరు వెలిగింది, దీవులు వెలిగాయి, డెన్మార్క్ వాళ్లు ఫోన్ చేసి 'బాబ్బాబు, చాలించండి, మా బల్బులు పేలిపోతున్నాయ్' అని బతిమాలారు!"

"పైనున్నావు కదా, ఫోనెవరెత్తారు?" అంది బౌకే.

"నేనే! ఒక చేత్తో తాడు, ఒక చేత్తో ఫోను!"

"ఆ రోజు గాలే లేదు కదా, సీబ్రెన్ గారూ."

అందరూ తలుపు వైపు తిరిగారు. తడిసిన కోటుతో బెనెదీత.

"గాలిపటాన్ని సంచిలోంచి బయటికే తియ్యలేదు," అందామె.

వోప్కెకి నవ్వుతో పొలమారింది. సీబ్రెన్ మొహం కందగడ్డయింది.

"రోజంతా మీ గదిలోనే కూచున్నాం. తాడు కొసని తాడు కడుపులోకే దూర్చి, ముడి లేకుండా అతకడం నేర్పారు. మేం ముడేసిన తాళ్లు ముడి దగ్గరే తెగేవి. మీలా అతికినవి ఇంతవరకూ తెగలేదు. నా థీసిస్‌లో ఒక అధ్యాయమంతా అదే. మొదటి వాక్యంలోనే మీ పేరు వేశాను."

ఎవరూ నవ్వలేదు.

"తాడు అతకడమా!" సీబ్రెన్ మండిపడ్డాడు. "వల కుట్టే ప్రతివాడికీ వచ్చిన పని! డెన్మార్క్‌ని వెలిగించినవాణ్ణి పట్టుకుని, తాడు అతికాడని రాస్తావా?"

"ఇంకా అచ్చవలేదు. తీసెయ్యమంటారా?"

సీబ్రెన్ చల్లారిన చేపముక్కని చాలాసేపు నమిలాడు.

"పేరు స్పెల్లింగు నాకోసారి చూపించు," అన్నాడు, ఇంకా కోపంగానే.