ఉదాహరణకి ఒక ఆవిడ

భోజనాల బల్లకి అటు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు రాస్తున్న భర్త, ఇటు దాని ప్రూఫులు ముందేసుకున్న భార్య.

“అదంతా సరే, ఇంతకీ ఈవిడెవరండీ?”

“ఏవిడ?”

“‘కాలిక్యులేటింగ్’ దగ్గరున్నావిడ.”

“ఓ, అదా! విశేషణం. ప్రతిదాంట్లోనూ తన లాభం లెక్కేసుకునే, అని అర్థం. దాని పుట్టుక చూశావూ, ఎంత బావుందో! లాటిన్‌లో గులకరాయి. పూర్వం గులకరాళ్లు పేర్చి లెక్కలు చేసేవాళ్లు కదా, ఆ రాయిలోంచి...”

“రాయి సంగతి చదివాను. అది ఎవరి మీద వేశారని అడుగుతున్నా.”

“ఎవరి మీదా లేదు. ఉత్త ఉదాహరణ.”

“‘వంట ఎవరు చేస్తారో తేల్చుకున్నాకే ఆ గడుసు పిల్ల పెళ్లికి ఒప్పుకుంది.’ ఉత్తదేనా?”

“ఉత్తదే! లోకంలో ఎంతమంది అడగరు?”

“నేనడిగాను.”

“అడిగావా? నాకు గుర్తే లేదు సుమా.”

“‘అఫెక్షనేట్’కి మీ అమ్మగారు. ‘బ్రిలియంట్’కి మీ తమ్ముడు. ‘సీ’ దాకా వచ్చేసరికి నేను గుర్తొచ్చాను.”

“ఏదో... అలా కలిసొచ్చింది.”

“ఇన్నేళ్లూ కళ్లు పొడుచుకుని మీ అచ్చుతప్పులు ఏరాను. పుస్తకంలో ఎక్కడా నా ఊసు లేదు. ఉన్నది ఈ ఒక్కచోటే, అదీ పేరు లేకుండా! బాధగా ఉండదూ?”

“అబ్బా, పేరుదేముందోయ్! మనిద్దరం ఒకటే కదా.”

“ఒకటే అయితే ‘ఆ గడుసు పిల్లాడు’ అని రాసుండాల్సింది.”

“సరే తల్లీ, తప్పైపోయింది. కొట్టేయ్. సాయంత్రం ప్రెస్సువాళ్లొస్తారు, ఆ పేజీలిలా ఇవ్వు.”

“కొట్టేస్తే ఆ మాటకి ఉదాహరణ లేకుండా పోదూ?”

“నువ్వే ఒకటి రాయి, నీ ఇష్టం. నేను అక్షరం ముట్టుకుంటే ఒట్టు! ఇటివ్వు మరి.”

“ఇవి పాత కాపీలండీ. దిద్దినవి ప్రెస్సువాళ్లు పొద్దున్నే వచ్చి పట్టుకెళ్లారు. మీరింకా లేవలేదు.”

“పట్టుకెళ్లారా! మరి... ఆ ఉదాహరణ?”

“మార్చే ఇచ్చాను.”

“ఏమని? ఏమని మార్చావు?”

“‘తొలిసారి కలిసినప్పుడు అతను ఆమె పేరైనా అడగలేదు, ప్రూఫులు దిద్దడం వచ్చా అని అడిగాడు.’”