అక్క ఎక్కిన చిన్న కారు

కొండల్లో, బురదల్లో తిరిగే మొరటు బళ్లు నాన్న పేరుతో చేసే కంపెనీ ఆ అక్కాతమ్ముళ్లది. అక్క పట్టుబట్టి చేయించిన తొలి చిన్న కారు తయారై షెడ్డులోకి వచ్చిన రోజే తమ్ముడు దాని మీద సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బకే ముందు లైటు పగిలి గాజుపెంకులు అక్క కాళ్ల దగ్గర పడ్డాయి.

“ఆపరా! పిచ్చెక్కిందా నీకు?”

“నాన్న పేరు ఈ అగ్గిపెట్టె మీద వేస్తావా అక్కా? మన బండి లోయలో పడ్డా మనిషి బతికి బయటికొస్తాడని కదా జనం కొనేది!”

“కొనేవాళ్లు ఎంతమందిరా? పెళ్లాం బిడ్డల్ని స్కూటరు మీద కుక్కుకుని వానలో పోయేవాడికి నీ ఏనుగుని మేపే స్తోమత ఎక్కడిది?”

“దీన్లో ఎక్కిస్తే చస్తారు. రేకు డబ్బా ఇది!”

అక్క విసురుగా కారెక్కి తలుపు వేసుకుంది.

“నేనున్నా లోపల. ఇప్పుడు కొట్టు.”

“దిగక్కా. నా ఒళ్లు నా స్వాధీనంలో లేదు.”

“కొట్టరా! నోరొక్కటేనా నీకున్నది?”

సమ్మెట తలుపు మీద పడింది. రేకు లోపలికి కూరుకుపోయింది, అద్దం ఆమె మొహం మీదే బద్దలైంది. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతుంటే ఆమె తలుపు తోసింది.

“రావట్లేదురా... తమ్ముడూ, తలుపు రావట్లేదు.”

అతను సమ్మెట పారేసి, పగిలిన అద్దం అంచునే పట్టుకుని గుంజాడు. అరచేతులు తెగాయి. తలుపు ఊడొచ్చాక అక్కను పొదివి పట్టుకున్నాడు.

“చంపేసేవాణ్ణే అక్కా...”

“ఏడుపాపు. ఈ తలుపుతో ఒక్క కారూ బయటికి పోదు. గట్టిది నువ్వే చెయ్యి.”

“అంటే, అమ్మడం మానవా?”

“మానను. తయారయ్యాక చెప్పు, మళ్లీ కూర్చుంటా.”

“వద్దు. ఈసారి లోపల నేను కూర్చుంటా. సమ్మెట నువ్వు పట్టు.”